వట్టి కాళ్లతో గెలిచినవాడు

వేసవి వచ్చిందంటే మన ఇళ్లలో తంతు మీకు తెలిసిందే. పది గంటలకల్లా కిటికీలు మూసెయ్యడం, తెరలు దించెయ్యడం, సాయంత్రం ఆరు దాకా గడప దాటకపోవడం. అలాంటి మే నెలలో, అదీ విజయవాడ ఎండల్లో, మా అక్క కూతురు పరుగు సాధన మొదలుపెట్టింది. ఆగస్టులో హైదరాబాద్‌లో జరిగే మారథాన్‌లో పాల్గొంటుందట. పోయిన ఏడాది 21 కిలోమీటర్లు పూర్తిచేసింది. ఈసారి మొత్తం 42 కిలోమీటర్లూ పరుగెత్తి తీరాలని పట్టు. అంటే ఇక్కణ్ణుంచి గుంటూరు వెళ్లి, ఊరు దాటి, ఇంకా కొంత దూరం పోవడమన్న మాట!

ఒకరోజు పొద్దున్న ఎనిమిదింటికి అక్క దగ్గర్నుంచి ఫోను. వెళ్లి చూద్దును కదా, ఆ పిల్ల వరండా మెట్టు మీద తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుని ఏడుస్తోంది. పదిహేను కిలోమీటర్లు పరుగెత్తాలని బయల్దేరి, ఏడు కాగానే కళ్లు తిరిగి ఆగిపోయిందట. ఆటోలో ఇంటికొచ్చింది. ఇక ఈ పిచ్చి మానెయ్యమని అక్క. ఆగిపోవడమే తలవంపులని పిల్ల. మధ్యలో నేను! ఎవరి పక్షం మాట్లాడినా రెండోవాళ్లకి కోపమే కదా. అందుకని ఆ పూట నేనెప్పుడో చదువుకున్న ఒక జీవితకథ చెప్పాను. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

అతని పేరు అబెబె బికిలా. ఇథియోపియా దేశస్థుడు. ఒలింపిక్ మారథాన్‌ను రెండుసార్లు గెలిచిన మొదటి మనిషి.

కొండల్లో పుట్టిన పిల్లవాడు

అబెబె 1932 ఆగస్టు 7న షేవా ప్రాంతంలోని జాతో అనే చిన్న పల్లెలో పుట్టాడు. చిత్రమేమిటంటే లాస్‌ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మారథాన్ జరిగింది కూడా సరిగ్గా ఆ రోజే. కానీ ఆ పల్లెలో ఒలింపిక్స్ అనే మాట తెలిసినవాళ్లెవరు? అతనికి మూడేళ్లు నిండాయో లేదో, 1935లో ఇటలీ సైన్యం ఇథియోపియా మీదికి దండెత్తింది. చాలా కుటుంబాల్లాగే అతని కుటుంబం కూడా ఉన్న ఊరు వదిలి వలసపోవలసి వచ్చింది. ముసోలినీ సైన్యం దేశాన్ని పట్టుకోవడంతో ఊరుకోలేదు. అక్సుమ్ నగరంలో వందల ఏళ్లుగా కూలిపడి ఉన్న పెద్ద రాతి స్తంభాన్ని 1937లో రోమ్‌కు తరలించుకుపోయింది. ఈ స్తంభం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1941లో ఇటలీ పాలన పోయింది. అబెబె అందరి పిల్లల్లాగే కొండల్లో తిరుగుతూ, హాకీలాంటి గన్నా అనే ఆట ఆడుతూ పెరిగాడు. పెద్దయ్యాక రాజధాని ఆడిస్ అబాబా చేరి హైలే సెలాసీ చక్రవర్తి అంగరక్షక దళంలో సిపాయిగా కుదిరాడు. అదే సమయానికి ఓన్ని నిస్కానెన్ అనే స్వీడన్ దేశస్థుడు ఇథియోపియా ప్రభుత్వం కొలువులో ఉండి సిపాయిలకు వ్యాయామం, ఆటలు నేర్పుతున్నాడు. సులుల్తా కొండల నుంచి నగరానికి 20 కిలోమీటర్లు పరుగెత్తుకుంటూ వచ్చి, మళ్లీ అలాగే తిరిగి వెళ్లే ఈ సన్నటి సిపాయి ఆయన కంట్లో పడ్డాడు.

ఆడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉంటుంది. గాలి పలచన. అక్కడ గబగబా నాలుగు మెట్లెక్కినా కొత్తవాళ్లకు ఆయాసం వస్తుంది. అలాంటి చోట పుట్టి పెరిగి, రోజూ పరుగెత్తేవాడికి ఊపిరితిత్తులు, గుండె ఎంత గట్టిపడతాయో ఆలోచించండి. నిస్కానెన్ దానికి ఒక పద్ధతి జోడించాడు. ఒకరోజు రోడ్డు మీద దూరం, ఒకరోజు కొండ ఎక్కుడు, ఇంకోరోజు ట్రాక్ మీద కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా, మళ్లీ వేగంగా. ఒక్కరోజులో ఏదీ రాదు. మనం ఆవకాయ పెట్టి ఊరేదాకా ఆగుతామే, అలాగ!

1960 మార్చిలో అబెబెకు పెళ్లయింది. తల్లి కుదిర్చిన సంబంధం. పెళ్లికూతురు యెవుబ్‌దార్‌కు అప్పటికి పదిహేనేళ్లే! బడికి వెళ్లాల్సిన వయసులో కాపురానికొచ్చిన పిల్ల. ఆమె గురించి చరిత్రలో రాసింది తక్కువ. కానీ పెళ్లయిన ఆరునెలలకే ఆమె భర్త పేరు ప్రపంచమంతా మారుమోగింది. తొమ్మిదేళ్లకు అతని కాళ్లు పడిపోయాయి. ఆ రెండు రోజుల్లోనూ అతనికి ఆమే ఇల్లాలు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు ముందుగా ఆమే గుర్తొస్తుంది.

రోమ్‌లో ఆ సాయంత్రం

1960 ఒలింపిక్స్ రోమ్‌లో జరిగాయి. సెప్టెంబర్ అయినా పగలు ఎండ మండిపోతోంది. ఆ ఎండలో 42 కిలోమీటర్లు పరుగెత్తించడం ప్రమాదమని నిర్వాహకులకు తెలుసు. ఎందుకంటే అప్పటికే ఒక చేదు అనుభవం ఉంది. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను జూలై నెల ఎండలో పెట్టారు. పోర్చుగల్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కో లాజరో అనే కుర్రాడు ఎండ తగలకుండా ఒంటికి కొవ్వులాంటి పూత పూసుకుని పరుగెత్తాడు. దాంతో చెమట బయటికి పోయే దారి మూసుకుపోయింది. దారిలోనే కుప్పకూలి, మర్నాడు కన్నుమూశాడు.

అందుకే రోమ్‌లో మారథాన్‌ను సాయంత్రానికి మార్చారు. సెప్టెంబర్ 10న, ఎండ దిగిన తర్వాత అయిదున్నరకు పరుగు మొదలైంది. అందరూ స్టేడియం నుంచి బయల్దేరి స్టేడియానికి చేరడం ఆనవాయితీ. అక్కడ అలా కాకుండా ప్రాచీన కట్టడాల మధ్య మొదలుపెట్టి, కాన్‌స్టాంటైన్ విజయద్వారం దగ్గర ముగించారు. చీకటి పడ్డాక రెండువేల ఏళ్లనాటి ఆపియన్ రోడ్డు పొడుగునా సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు.

అబెబెకు అక్కడిచ్చిన బూట్లు సరిపోలేదు. కరిచే బూట్లతో బొబ్బలెక్కించుకోవడం కన్నా అలవాటైన పద్ధతే మేలనుకున్నాడు. వట్టి కాళ్లతోనే వరసలో నిలబడ్డాడు. రాళ్లు పరిచిన రోమ్ రోడ్ల మీద చెప్పుల్లేని మనిషిని చూసి జనం వింతపడ్డారు. ఎవరికీ తెలియని దేశం, ఎవరికీ తెలియని మనిషి!

మొరాకోకు చెందిన రాది బెన్ అబ్దెస్సలామ్‌ను కనిపెట్టుకుని ఉండమని అబెబెకు ముందే చెప్పి పంపారు. అతని నంబరు 26 అనుకున్నారు. తీరా రాది 185 నంబరు వేసుకుని పరుగెత్తుతున్నాడు. అబెబెకు ఆ సంగతి తెలియదు. 26 నంబరువాడు ఇంకా ముందున్నాడేమోనని వెతుక్కుంటూ, తన పక్కనే పరుగెత్తుతున్నది అతనేనని ఎరగకుండా కిలోమీటర్లకు కిలోమీటర్లు సాగిపోయాడు. తెలియకపోవడమే మేలు చేసిందేమో, వేగం మాత్రం తగ్గించలేదు.

ఇంక ఒకటిన్నర కిలోమీటర్లుందనగా అక్సుమ్ స్తంభం వచ్చింది. తన దేశం నుంచి ఎత్తుకొచ్చి రోమ్ నడిబొడ్డున నిలబెట్టిన రాయి అది. ముందుగా దారి చూసుకున్నప్పుడే నిస్కానెన్, అబెబె ఆ చోటును గుర్తుపెట్టుకున్నారు. అక్కణ్ణుంచి చివరి పోరు మొదలుపెట్టాలన్నది ఏర్పాటు. అలాగే చేశాడు. రాది వెనకబడ్డాడు. కాగడాల వెలుగులో అబెబె విజయద్వారం చేరేసరికి గడిచింది 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. అంతకుముందు ప్రపంచంలో ఎవరూ మారథాన్‌ను అంత తొందరగా పూర్తిచెయ్యలేదు. ఇథియోపియాకు అది మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. ఇరవై అయిదేళ్ల కిందట ఇటలీ సైన్యం దండెత్తిన దేశపు సిపాయి, ఇటలీ రాజధానిలో వట్టి కాళ్లతో గెలిచాడు. ఆ స్తంభాన్ని ఇటలీ తిరిగిచ్చింది 2005లో. అది చూడడానికి అప్పటికి అబెబె లేడు.

కుట్టు మానకముందే

గెలుపు వెంట కష్టమూ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో అంగరక్షక దళాధిపతి చక్రవర్తి మీద తిరుగుబాటు చేశాడు. ఆ దళంలోనే ఉన్నందుకు అబెబె కూడా చిక్కుల్లో పడ్డాడు. అరెస్టయి, తర్వాత క్షమాపణ పొంది బయటపడ్డాడు.

1961లో గ్రీసులో, జపాన్‌లో, చెకొస్లొవేకియాలో మూడు మారథాన్‌లు గెలిచాడు. జపాన్‌లో ఒసాకా పరుగు జూన్ చివర్లో జరిగింది. అక్కడ అది వానలూ ఉక్కా కలిసిన కాలం. రోమ్‌లో 2 గంటల 15 నిమిషాల్లో పరుగెత్తినవాడే ఒసాకాలో 2 గంటల 29 నిమిషాలు తీసుకున్నాడు. అయినా గెలిచాడు. మా అక్క కూతురికి ఈ ముక్క రెండుసార్లు చెప్పాను. వాతావరణం మారితే అంతటివాడి గడియారం కూడా మారుతుంది. అది చేతకానితనం కాదు.

1964 టోక్యో ఒలింపిక్స్ ఇంకా అయిదు వారాలుందనగా అబెబెకు కడుపునొప్పి వచ్చింది. అపెండిసైటిస్. ఆపరేషన్ చేశారు. మనకైతే ఇంట్లో బిందె ఎత్తొద్దని, మెట్లెక్కొద్దని ఎన్ని ఆంక్షలో! అతను ఆస్పత్రి ఆవరణలోనే మెల్లమెల్లగా మళ్లీ పరుగు మొదలుపెట్టాడు. టోక్యోలో ఈసారి బూట్లు వేసుకుని అక్టోబర్ 21న పరుగెత్తాడు. 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో పూర్తిచేసి మళ్లీ ప్రపంచ రికార్డు సృష్టించాడు. రెండోవాడు వచ్చేసరికి నాలుగు నిమిషాలు దాటింది. అంతసేపూ అబెబె స్టేడియంలో పచ్చికమీద పడుకుని కాళ్లు పైకెత్తి వ్యాయామం చేస్తూ కూర్చున్నాడు. చూసేవాళ్లకు ఈయన ఇప్పుడే పరుగెత్తి వచ్చాడా, లేక ఇప్పుడు వెళ్లబోతున్నాడా అని అనుమానం వచ్చి ఉంటుంది.

ఆగిపోయిన రోజు

1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అతనికి ఒకటో నంబరు ఇచ్చారు. మూడోసారి కూడా అతనే గెలుస్తాడని లోకమంతా ఎదురుచూసింది. కానీ కాలికి అప్పటికే గాయం. ఎముకలో నొప్పి. దాదాపు 16 కిలోమీటర్లు వెళ్లాక ఆగిపోయాడు. పక్కకు తప్పుకున్నాడు. ఆ రోజు గెలిచింది ఇథియోపియావాడే, మామో వోల్డే.

రెండుసార్లు ప్రపంచాన్ని గెలిచినవాడు, ఒకటో నంబరు చొక్కా తొడుక్కున్నవాడు, అందరూ చూస్తుండగా ఆగిపోయాడు. ఒళ్లు ఇక చాలని చెప్పినప్పుడు విన్నాడు. ఆ పిల్ల తువ్వాలు పక్కన పెట్టి నా వైపు చూసింది ఇక్కడే.

ఇక్కడ కథ ఆపి కాస్త ఎండ సంగతి మాట్లాడుకుందాం. పరుగెత్తేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో సుమారు నాలుగోవంతే కదలికకు పనికొస్తుంది. మిగతాదంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపేది చెమట. అదీ ఆరినప్పుడే. మన కోస్తా ఊళ్లలో గాలి నిండా తేమ ఉంటుంది కాబట్టి చెమట కారుతుందే గాని ఆరదు. పైగా ఒంట్లో ఉన్న రక్తాన్నే అటు కండరాలూ ఇటు చర్మమూ పంచుకోవాలి. అందుకే గుండె మామూలు కన్నా వేగంగా కొట్టుకుంటుంది, అదే దూరం రెట్టింపు కష్టమనిపిస్తుంది. శరీరం వేడికి అలవాటుపడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. ఆ రెండు వారాలూ దూరం, వేగం తగ్గించుకోవాలి. తెల్లవారకముందే బయల్దేరాలి. వెంట నీళ్లుండాలి. ఎక్కువసేపు పరుగెత్తితే చెమటలో ఉప్పు కూడా పోతుంది కనుక తిరిగొచ్చాక ఉప్పేసిన మజ్జిగ తాగాలి. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, ఎండలోనే చలిగా అనిపించినా అక్కడికక్కడే ఆగిపోవాలి. మాట తడబడితే, మనిషి తికమకపడితే అది వడదెబ్బ. ఒళ్లంతా తడిపి, విసురుతూ, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. ఆ పిల్ల ఆ రోజు ఏడు కిలోమీటర్ల దగ్గర ఆగి మంచిపని చేసింది. తప్పు చేసింది ఆగినందుకు కాదు, ఆరున్నరకు తీరిగ్గా బయల్దేరినందుకు!

కాళ్లు పోయాక

సరే, మళ్లీ అబెబె దగ్గరికి వద్దాం. టోక్యో గెలుపు తర్వాత అతనికి ఒక చిన్న ఫోక్స్‌వాగన్ కారు బహుమతిగా వచ్చింది. 1969 మార్చి 22 రాత్రి ఆ కారు నడుపుకుంటూ వస్తుండగా అదుపు తప్పి బోల్తాపడింది. తెల్లవారేదాకా అతను కారులోనే ఇరుక్కుపోయి ఉన్నాడు. వెన్నుపాము దెబ్బతింది. మొదట్లో మెడ కూడా తిప్పలేని పరిస్థితి. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రికి తీసుకెళ్లి ఎనిమిది నెలలు చికిత్స చేయించారు. ఎలిజబెత్ రాణి స్వయంగా వచ్చి పలకరించింది. చేతులు తిరిగి వచ్చాయి. కాళ్లు మాత్రం రాలేదు. ప్రపంచం చూసిన ఆ పాదాలు మళ్లీ నేల మీద ఆన్చి నడవలేదు.

అప్పటికి యెవుబ్‌దార్‌కు ఇరవైనాలుగేళ్లుంటాయి. ఇంట్లో చిన్నపిల్లలు. లోకం కళ్లకు కనిపించేది పతకాలే కానీ, చక్రాల కుర్చీ వచ్చిన ఇంట్లో రోజు ఎలా తెల్లవారుతుందో, ఎలా పొద్దుగూకుతుందో మంచంపట్టినవాళ్లకు సేవ చేసిన ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

స్టోక్ మాండెవిల్ ఆస్పత్రికి ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ లుడ్విగ్ గుట్‌మాన్ అనే డాక్టరు వెన్ను దెబ్బతిన్నవాళ్ల కోసం 1948లోనే ఆటల పోటీలు మొదలుపెట్టాడు. నేటి పారాలింపిక్స్‌కు అదే మూలం. మనిషికి పోయినదాన్ని కాదు, మిగిలినదాన్ని లెక్కపెట్టాలన్నది ఆయన పద్ధతి. అబెబె మిగిలిన చేతులతో విల్లు పట్టుకున్నాడు. 1970లో ఆ పోటీల్లో విలువిద్యలో, టేబుల్ టెన్నిస్‌లో పాల్గొన్నాడు. మరుసటి ఏడాది నార్వేకు అతిథిగా పిలిస్తే అక్కడా ఊరుకోలేదు. మంచు మీద జారే బండిలో 25 కిలోమీటర్ల పోటీకి దిగి మొదటివాడుగా వచ్చాడు!

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు చక్రాల కుర్చీలో ప్రత్యేక అతిథిగా వెళ్లాడు. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ఏడాది మారథాన్ గెలిచిన అమెరికావాడు ఫ్రాంక్ షార్టర్, పతకం మెడలో పడగానే అబెబె దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. మరుసటి ఏడాది, 1973 అక్టోబర్ 25న, మెదడులో రక్తస్రావమై అబెబె కన్నుమూశాడు. కారు ప్రమాదం మిగిల్చిన చిక్కే చివరికి ప్రాణం తీసింది. వయసు నలభై ఒకటి. తల్లి, భార్య, నలుగురు పిల్లలు మిగిలారు. అంత్యక్రియలకు చక్రవర్తితో సహా సుమారు 65 వేలమంది వచ్చారు. కూతురు త్సిగె పెద్దయ్యాక తండ్రి జీవితచరిత్ర రాసింది. అది 1996లో వెలువడింది.

1996కు ఇంకో విశేషం ఉంది. అబెబె పరుగెత్తిన రోజుల్లో ఆడవాళ్లు ఇంత దూరం పరుగెత్తలేరని పెద్దల నమ్మకం. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ పెట్టిందే 1984లో. 1996లో అట్లాంటాలో, జూలై నెల వేసవిలో, ఆ పరుగును గెలిచింది ఎవరనుకున్నారు? ఫాతుమా రోబా. ఇథియోపియా అమ్మాయి. ఒలింపిక్ మారథాన్ గెలిచిన మొదటి ఆఫ్రికా మహిళ.

కథ అయిపోయింది. అక్క ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది. పిల్ల కూడా ఏమీ అనలేదు. మర్నాటి నుంచి మాత్రం నాలుగింటికే వాళ్లింట్లో లైటు వెలుగుతోందని పాలబ్బాయి చెప్పాడు. రెండు వారాలు నాలుగైదు కిలోమీటర్లకు మించొద్దని తల్లీకూతుళ్లు ఒప్పందం చేసుకున్నారట. తోడుగా బావగారు సైకిల్ మీద నీళ్లసీసా పట్టుకుని వెనకాల వెళుతున్నారట.

నిన్న పొద్దున్నే నేను వెళ్లేసరికి అక్క గుమ్మంలో నిలబడి వీధి చివరికి చూస్తోంది. చేతిలో మజ్జిగ గ్లాసుంది.